రెండు కుర్చీలు ఇస్తామంటున్నారు, కూర్చోవాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది మందస మండలంలో కొండ కింద ఒక సవర గూడ. 38 గడపలం. మా పంచాయతీలో మిగతా మూడు ఊళ్లూ తెలుగువాళ్లవి, కొన్ని ఒడియా ఇళ్లు కూడా ఉన్నాయి. పోయిన ఏడాది చనిపోయిన మా పెద్దలకి గుర్తుగా రాళ్లు నిలబెట్టిన చోటికి వెళ్లే దారికి అడ్డంగా కింద ఊరి ఆయన ఒకరు జీడితోటకి కంచె వేశారు. మాటా మాటా పెరిగి తోపులాట దాకా వచ్చింది. ఇప్పుడు మండలాఫీసువాళ్లు అన్ని ఊళ్లవాళ్లతో ‘సామరస్య కమిటీ’ వేద్దామంటున్నారు. మొత్తం 11 మంది. మాకు 2 కుర్చీలు. డిగ్రీ చదివానని ఒకటి నాకు ఇస్తామన్నారు. ‘సంతకానికే పిలుస్తున్నారు, వెళ్లకు’ అంటున్నారు మా నాన్న. మా గూడలో సగంమంది చర్చికి వెళ్తారు, సగంమంది పాత పద్ధతిలోనే ఉన్నారు, వాళ్లలో వాళ్లకే పడదు. పైగా మా ఊరు షెడ్యూల్డు ఏరియాలో, అంటే రాజ్యాంగం కింద గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలో లేదు, అక్కడి గ్రామసభలకి అధికారాలిచ్చే పీసా చట్టం మీకు వర్తించదు అన్నారు ఆఫీసులో. నేను కూర్చోవాలా, వద్దా?
(పేరు వేయవద్దన్నారు)

సమాధానం:

బాబూ,

కూర్చో. కానీ పిలిచారు కదా అని రేపే వెళ్లి కూర్చోకు. ముందు కొన్ని సంగతులు కాగితం మీద పడాలి. అవి పడ్డాక కూర్చో. వయసులో నాకంటే చాలా చిన్నవాడివి కనక నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు మీ నాన్నగారి మాట. ఆయన భయపడి అన్నది కాదు అది, చూసి అన్నది. నేను రెవెన్యూ శాఖలో ముప్ఫయ్యేళ్లకు పైగా పనిచేశాను. చేరిన కొత్తలో, ఎక్కడో చెప్పను, ఒక కొండకింద మండలంలో ఇలాంటి కమిటీయే ఒకటి కూర్చుంది. మినిట్స్ బుక్కు నా చేతిలో ఉంది. ఒంటిగంటకి మాటలు అయిపోయాయి, టీలు వచ్చాయి, అందరూ లేస్తున్నారు. ‘ముందు సంతకాలు తీసేసుకో అమ్మా, తీర్మానం తర్వాత రాద్దాం’ అన్నారు పైఅధికారి. పేజీలో పైసగం ఖాళీగా వదిలి, కింద సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాను. ఒక సవర పెద్దాయన ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసి, అంటిన సిరా జుట్టుకి తుడుచుకుని వెళ్లిపోయారు. సాయంత్రం ఆ పైఅధికారి చెబుతూ ఉంటే ఖాళీలో ఐదు లైన్లు రాశాను. నాలుగు నెలల తర్వాత ఆ పెద్దాయన ఒక నోటీసు మడతపెట్టి పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. గెడ్డ (కొండవాగు) పక్క బంజరు వేరేవాళ్లకి ఇవ్వడానికి గూడ తరఫున తమకి అభ్యంతరం లేదని కమిటీలో ఒప్పుకున్నారట, అదీ అందులో సంగతి. చదివి వినిపించాను. ‘నేను నీళ్ల గురించి చెప్పాను తల్లీ. భూమి గురించి నేనేటీ అన్లేదు’ అన్నారు. ఆ ఐదు లైన్లూ నా దస్తూరీ. ఆయన చదవలేరు కనక అది ఆయనకి తెలీదు. నేనూ చెప్పలేదు.

కనక నీకు మొదట చెప్పేది మినిట్స్ బుక్కు గురించే. మాట్లాడుకున్నది అక్కడికక్కడే, అందరూ కూర్చుని ఉండగానే రాయాలి. రాసింది పైకి చదవాలి. తెలుగులో చదివాక మీ పెద్దలకి సవరలో చెప్పాలి. ఆఖరి లైనుకీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ మిగిలితే అడ్డగీత కొట్టాలి. సంతకం పెట్టాక ఆ పేజీని నీ ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఫొటో తీయనివ్వకపోతే సంతకం పెట్టకు. గొడవపడి లేచి రానక్కర్లేదు, ‘ఇంటికెళ్లి మావాళ్లకి చెప్పి వచ్చి పెడతాను’ అను చాలు. మీ వాళ్లు ఒప్పుకోని తీర్మానం అయితే ‘ఈ విషయంలో మా గూడ ఒప్పుకోలేదు’ అన్న ఒక్క వాక్యం నీ చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టు. ఏమీ రాయకుండా సంతకం పెడితే అది ఒప్పుకున్నట్టే. రేపు కోర్టులోనైనా కలెక్టరాఫీసులోనైనా చూసేది ఆ పేజీనే.

పదకొండులో రెండు. ఓట్లు వేసే పద్ధతి పెడితే మీరు ప్రతిసారీ ఓడిపోతారు, అదీ మర్యాదగా, టీ బిస్కట్లతో. అందుకని కుర్చీలు పెంచమని అడగడంకంటే ముందు ఓటింగే వద్దని అడుగు. ‘మా గూడకి సంబంధించిన విషయం మేం ఒప్పుకుంటేనే తీర్మానం, లేకపోతే రెండువైపుల మాటా రాసి పైకి పంపుదాం’ అన్న మాట కమిటీ వేసే ఆర్డరులోనే ఉండాలి. ఇద్దరిలో ఒక్కరైనా లేకుండా మీ విషయం ఎత్తకూడదని కూడా రాయించు. ఆ తర్వాత కుర్చీలు నాలుగు అడుగు, మూడు ఇస్తారు. మూడు ఇస్తే అందులో ఒకటి ఆడమనిషికి ఇవ్వండి. గెడ్డకి నీళ్లకి వెళ్లేది, కొండచీపుళ్లు కోసి సంతకి మోసేది, కంచె దగ్గర తిట్లు మొదట తిన్నదీ వాళ్లే అయ్యుంటారు. మీటింగు సంతరోజున గానీ, జీడిపిక్కలు ఏరే రోజుల్లో పొద్దున్న పూట గానీ పెడితే మీవాళ్లు రాలేరు. ‘పిలిచాం, రాలేదు’ అని రాసుకుంటారు. ఒకసారి పంచాయతీ ఆఫీసులో, ఒకసారి మీ గూడ చింతచెట్టు కింద పెట్టమను. ఆ కింద ఊరి పెద్దమనుషుల్లో కొందరు మీ గూడలోకి ఎప్పుడూ కాలు పెట్టి ఉండరు. రాళ్లు నిలబెట్టిన చోటు వాళ్లు ఒకసారి కళ్లతో చూస్తే సగం వాదన తగ్గిపోతుంది.

ఇంకో సంగతి: చర్చకి ఏ విషయం రావాలో చెప్పే హక్కు మీకూ ఉండాలి. ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా కమిటీలు ఇక్కడే చచ్చిపోతాయి. రాజ్యాంగం ఐదో షెడ్యూలులో గిరిజన సలహా మండలి అని ఒకటి ఉంది. 20 మందికి మించని సభ్యులు, అందులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు అసెంబ్లీలోని గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలి. రాష్ట్రమంతటికీ అంత పెద్ద వేదిక. కానీ దాని పనల్లా గిరిజనుల సంక్షేమం మీద గవర్నరు తమకి పంపిన విషయాలపై సలహా చెప్పడమే. అడిగితే చెప్పాలి. అడగకపోతే? మన రాష్ట్రంలో 175 మంది ఎమ్మెల్యేల్లో గిరిజన రిజర్వుడు సీట్లు 7. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాటిలో ఒకటైన పాలకొండ, పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది. దాంతో ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఆ సీటు ఒక్కటి కూడా లేదు. సీతంపేటలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా అటే ఉంది. అంటే మందస కొండల కింద ఉన్న మీ గొంతు పైకి వెళ్లే దారులు తక్కువ. అందుకనే మీ పంచాయతీలో వేసే ఈ చిన్న కమిటీని చులకనగా చూడొద్దంటున్నాను. చిన్నదే అయినా దాని అజెండాలో మీ విషయం మీరే రాయగలగాలి. వారం ముందు అజెండా కాగితం గూడకి రావాలి. కమిటీ పైకి పంపిన ప్రతి విషయానికీ ఆఫీసు నుంచి రాతలో జవాబు రావాలి. కాదంటే ఎందుకు కాదో రాయాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. నార్వే దేశపు ఉత్తరాన సామీలు అనే ఆదివాసులున్నారు, రెయిన్‌డీర్ జింకల మందలు మేపుకునేవాళ్లు. 1970ల చివర్లో వాళ్ల ప్రాంతంలో ఆల్టా నది మీద ఆనకట్ట కడతామంటే పెద్ద ఉద్యమం చేశారు. ఆనకట్ట ఆగలేదు, కట్టేశారు. కానీ ఆ గొడవ తర్వాతే 1989లో సామీలు తామే ఎన్నుకునే పార్లమెంటు వచ్చింది. 2005లో ప్రభుత్వమూ ఆ పార్లమెంటూ కూర్చుని, సామీలకి సంబంధించిన విషయాల్లో ఎలా సంప్రదించాలో ఒక పద్ధతి రాసుకున్నారు. మనస్ఫూర్తిగా, ఒప్పందానికి రావాలన్న ఉద్దేశంతో మాట్లాడాలని అందులో ఉంది. మీటింగుల మినిట్స్ తప్పకుండా రాయాలనీ ఉంది. అంత సంపన్న దేశంలో, అంత చదువుకున్నవాళ్ల మధ్య కూడా మినిట్స్ సంగతి విడిగా రాసుకోవలసి వచ్చిందంటే, మన పంచాయతీలో నువ్వు పట్టుబట్టడంలో తప్పేముంది.

మీ గూడలోనే రెండు వర్గాలు అన్నావు. ఇది నువ్వు కమిటీకి వెళ్లేముందే తేల్చుకోవలసిన విషయం. నీకు కుర్చీ ఇచ్చింది మండలాఫీసు. అది చాలదు. గూడలో అందరూ కూర్చోండి, చర్చికి వెళ్లేవాళ్లూ పాతపద్ధతివాళ్లూ ఒకే చోట. మన తరఫున ఎవరు వెళ్లాలో మనమే చెబుదాం అనండి. నీ పేరే చెబితే మంచిది. చెప్పకపోతే, బాబూ, తప్పుకో. డిగ్రీ ఉన్నవాడు ఒకడే దొరికాడు కదా అని పైవాళ్లు ఎంచుకున్న మనిషి, గూడ ఎంచుకున్న మనిషి కాడు. రెండు కుర్చీల్లో ఒకటి ఇటువైపు, ఒకటి అటువైపు అయితే ఇంకా మేలు. ఇలాంటి సమయంలోనే ‘వాళ్లు మతం మారారు, వాళ్లకి ఎస్టీ హక్కులు లేవు’ అని ఎవరో ఒకరు కమిటీలో అంటారు. అది తప్పు. షెడ్యూల్డు తెగల గుర్తింపుకి మతంతో ముడిపెట్టలేదు. చర్చికి వెళ్లే సవర కూడా సవరే. ఆ మాట అన్నవాళ్లకి జవాబు చర్చికి వెళ్లేవాళ్లు చెప్పకూడదు, పాతపద్ధతివాళ్లు చెప్పాలి. ఆ ఒక్కరోజు అలా చెప్పగలిగితే మీ గూడలో చాలా గొడవలు చల్లారతాయి. కందికొత్తల పండక్కి అందరూ ఒకచోట తినే అలవాటు ఇంకా మిగిలుంటే, ఈ మాట మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు.

భాష గురించి కూడా ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం ఆగస్టు 29న తలుచుకుంటాం, వాడుక తెలుగు కోసం పోరాడారని. ఆయన పుట్టింది మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. తెలుగు కోసం పోరాడకముందే పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బళ్లు పెట్టించారు, సవర వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఎదుటివాడి భాషలో వాడితో మాట్లాడాలని అంత పెద్ద పండితుడికి అనిపించింది. మీ కమిటీలో మిగతా సభ్యులు తొమ్మిదిమందీ సవర నేర్చుకోవాలని అనను. కానీ మీ పెద్దలు సవరలో మాట్లాడుతుంటే మధ్యలో నవ్వకుండా వినాలి, ఆ మాట పూర్తయ్యాక నువ్వు తెలుగులో చెప్పేదాకా ఆగాలి. దీన్ని మొదటి మీటింగులోనే అడుగు. మీ నాన్నగారు తెలుగు మాట్లాడగలరు కదా అంటారు. సంతలో బేరం ఆడటానికి వచ్చే తెలుగు వేరు, తన తాత రాయి ఎక్కడుందో చెప్పే భాష వేరు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. కమిటీకి ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు.

చట్టం మీ గూడకి, మీ మనుషులకి ఇచ్చిన హక్కు కమిటీ ఇచ్చింది కాదు. కనక దాని మీద కమిటీలో బేరం ఉండకూడదు. పీసా మీకు వర్తించదు అన్నమాట నిజమే. 1996 నాటి ఆ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే. మన జిల్లాలో షెడ్యూలు బయట మిగిలిపోయిన గిరిజన గ్రామాల బాధ ఇదే, ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నా తేలలేదు. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే, 1/70 అని మనం పిలుచుకునే భూమి బదలాయింపు నిబంధన కూడా షెడ్యూలు బయట రాదు. అయితే ఆఫీసులో నీకు సగమే చెప్పారు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూలు లోపలా బయటా తేడా లేదు. అడవి ఉన్న చోటల్లా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న పోడుకి పట్టా అడగొచ్చు, మనవాళ్లు ఆర్వోఎఫ్‌ఆర్ పట్టా అంటారే, అదే. గూడ మొత్తానికి కలిపి సామూహిక హక్కూ అడగొచ్చు. ఆ దరఖాస్తులు చూసే అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలి, మూడింట రెండు వంతులు గిరిజనులే ఉండాలి, మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. దాన్ని ఎన్నుకునేది గ్రామసభ. ఆ గ్రామసభకి కనీసం సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం మీ గూడ లాంటి విడి ఆవాసాన్ని ఈ చట్టం మటుకు విడి గ్రామంగా జాబితాలో చేర్పించుకోవచ్చు. మీ 38 గడపలు విడిగా కూర్చుంటే మీరే గ్రామసభ. నాలుగు ఊళ్లూ కలిపి కూర్చుంటే మళ్లీ పదకొండులో రెండు. ఈ తేడా నువ్వు గట్టిగా పట్టుకోవాలి. పోడు, అడవి, సామూహిక హక్కు అన్న మాటలు సామరస్య కమిటీ అజెండాలోకి రానివ్వకు. ‘అది మా గ్రామసభ పని’ అను.

ఇక్కడ నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. మీ పెద్దలకి నిలబెట్టిన ఆ రాళ్లున్నాయే, అవి సాక్ష్యం. అటవీ హక్కుల నిబంధనల్లో సాక్ష్యాలుగా ఏవేవి చూపొచ్చో రాశారు. కాగితాలతోపాటు పాత బావులు, శ్మశానాలు, పవిత్రమైన చోట్లు కూడా ఉన్నాయి అందులో. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పిన మాట రాసుకుంటే అదీ సాక్ష్యమే. వేరే పెద్దవాళ్లు అంటే? కింద ఊళ్లో డెబ్భై, ఎనభై ఏళ్ల ముసలాయన ఒకరు ‘నా చిన్నప్పటి నుంచీ ఆ రాళ్లు అక్కడే ఉన్నాయి, వీళ్లు ఆ దారినే వెళ్లేవారు’ అని చెప్పి వేలిముద్ర వేస్తే, అది మీ తాతల మాటకంటే బరువుగా తూగుతుంది. సామరస్య కమిటీ నీకు ఉపయోగపడేది ఇందుకు. ఆ ముసలాయనతో కూర్చుని మాట్లాడే చోటు ఇప్పుడు మీకు లేదు. కంచె పడ్డాక ఇరువైపులా మాటలు తెగిపోయాయి. ఆ మాటలు మళ్లీ కలపడానికి కమిటీ కావాలి, హక్కు తేల్చడానికి కాదు.

దారి సంగతికి వద్దాం. ముందు అది ఎవరి భూమో చూడు. మందస ఒకప్పుడు జమీందారీ. ఎస్టేట్లు రద్దయ్యాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రికార్డు తాసిల్దారు ఆఫీసులో ఉండాలి. దాని నకలు, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం), గ్రామ పటం, మూడూ సమాచార హక్కు కింద అడుగు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాలి. పటంలో ఆ దారి చుక్కల గీతగానైనా కనిపిస్తే సగం పని అయినట్టే. సర్కారు భూమి అయితే కంచె తీయించాల్సింది తాసిల్దారే. అడవి అయితే పైన చెప్పిన అటవీ హక్కుల చట్టం ఉంది. ఆయన సొంత జిరాయితీ (పట్టా భూమి) అయితే మాత్రం జాగ్రత్త. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం, ఒక దారిని 20 ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా వాడుకుంటే ఆ దారిమీద హక్కు వస్తుంది. కానీ అడ్డుపడిన రెండేళ్ల లోపు కోర్టుకి వెళ్లాలి. పోయిన ఏడాది కంచె వేశారన్నావు. ఆ తేదీ ఎప్పుడో ఇవాళే రాసిపెట్టుకో. కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని, ‘వచ్చేసారి చూద్దాం’ అంటూ టీలు తాగుతూ ఉంటే ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఎవరూ కావాలని చేయకపోవచ్చు. అలా జరిగిపోయిన కేసులు నేను చూశాను. అందుకని కమిటీకి రెండు మీటింగులు ఇవ్వు. అప్పటికి దారి తెరుచుకోకపోతే శ్రీకాకుళం కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు. ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా వకీలుని ఉచితంగా ఇస్తారు, అది 1987 చట్టం. కమిటీలో కూర్చుంటూనే కోర్టుకి వెళ్లొచ్చు. ‘కమిటీ ఉండగా కోర్టుకెందుకు వెళ్లావు’ అని ఎవరైనా అంటే, ఈ రెండేళ్ల సంగతి చెప్పు.

తోపులాటలో మీవాళ్లని కులం పేరుపెట్టి తిట్టారో, ఆ దారిన రాకూడదని అడ్డగించారో నువ్వు రాయలేదు. అలా జరిగి ఉంటే అది వేరే విషయం. ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం, ఎస్టీలని ఉమ్మడి వనరులు, శ్మశానం, దారి, నీళ్లు అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం నేరం. నేరాన్ని సామరస్య కమిటీలో రాజీ చేయించే అధికారం ఎవరికీ లేదు. కేసు పెట్టాలా వద్దా అన్నది దెబ్బతిన్న మనిషి ఇష్టం. నువ్వు కమిటీ సభ్యుడివి కాబట్టి ఆ మనిషిమీద ఒత్తిడి తేకు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. ఈ చట్టం కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. అందులో ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎస్పీ, ఎస్సీ ఎస్టీ అనధికార సభ్యులు, వేరే వర్గాలవాళ్లు కూడా కొందరు ఉంటారు. చట్టం పెట్టిన కమిటీ కనక అది అసలైన సంప్రదింపు వేదిక. మీ పంచాయతీ మాట అక్కడిదాకా వెళ్లాలి. దాంట్లో ఉన్న ఎస్టీ సభ్యులెవరో తెలుసుకుని ఒకసారి కలువు. అలాగే ప్రతినెలా 30న పౌరహక్కుల దినమని తాసిల్దారు, ఎస్సై ఏదో ఒక ఊళ్లో మీటింగు పెడతారు. ఈసారి మా గూడలో పెట్టండి అని కాగితం ఇవ్వు.

కంచె వేసిన ఆయన గురించి రెండు మాటలు రాయకపోతే నాకు మనసు ఒప్పదు. నాకు ఆయన ఎవరో తెలీదు. కానీ మందస, పలాస వైపు జీడితోట ఉన్న చిన్న రైతు బతుకు నేను ఎరుగుదును. పిక్క ధర పడిపోతుంది, తుపాను వస్తే చెట్లు పడిపోతాయి. 2018లో తిత్లీ తుపానుకి ఒక్క రాత్రిలో తోటలకి తోటలు నేలమట్టం అయ్యాయి, మళ్లీ వేసిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆయన భయం ఆవుల గురించో, పిక్క దొంగతనం గురించో, ‘ఇవాళ దారి అన్నారు, రేపు భూమి అంటారు’ అన్నదో అయ్యుండవచ్చు. ఆ భయం నిజమైందా కాదా తర్వాత, ముందు అది ఆయన నోట వినాలి. కమిటీలో మీరు పెట్టే మొదటి అంశం ‘కంచె తీయాలి’ అని కాకుండా ‘దారి ఎంత వెడల్పు ఉండాలి, పశువులు తోటలోకి పోకుండా ఎవరు చూడాలి’ అని ఉంటే ఆయన కూర్చుని మాట్లాడతారు. కంచెకి ఒక గేటు, ఆ గేటుకి తాళం లేకుండా, దారి కొలత స్కెచ్‌తో సహా మినిట్స్‌లో. ఇది ఒప్పుకుంటే మీ దారి హక్కు వదులుకున్నట్టు కాదని కూడా అదే పేజీలో ఒక వాక్యం రాయించు. ఆ వాక్యం మర్చిపోకు. ‘ఆయన దయతో ఇచ్చాడు’ అని రాస్తే అది అనుమతి అవుతుంది, హక్కు కాకుండా పోతుంది. ‘పాత దారిని తిరిగి తెరిచారు’ అని రాయాలి. ‘తిరిగి’ అన్న మాట ఉండాలి.

మొదటి మీటింగుకి మీ నాన్నగారిని వెంట తీసుకెళ్లు. సభ్యులు కాకపోయినా వెనక కుర్చీలో కూర్చోవచ్చు, కాదంటే గుమ్మం దగ్గర కూర్చుంటారు. మినిట్స్ పైకి చదివినప్పుడు ఒక్కో లైనూ ఆయనకి సవరలో చెప్పు. ఆయన తల ఊపాక పెన్ను తియ్యి.